జూ జంతువులకు కీటకాల ద్వారా వచ్చే పరాన్నజీవి జబ్బులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జూ పశువైద్యుణ్ని. కొత్తగా చేరిన కీపర్లు, పశువైద్య విద్యార్థులు, జంతువుల మీద ఇష్టంతో మళ్లీ మళ్లీ వచ్చే సందర్శకులు ఏళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలు ఇవి. క్షీరదాల వరకే చెబుతున్నాను. పెంగ్విన్లను చంపే పక్షుల మలేరియా గురించి విడిగా రాయాల్సినంత ఉంది. ఈ పేజీలో ‘పురుగు’ అన్నచోటల్లా ఒంట్లో చేరే నులిపురుగు లాంటిదని, ‘కీటకం’ అన్నచోట దోమ, ఈగ, బొద్దింక లాంటిదని అర్థం చేసుకోండి.

కీటకాల ద్వారా వచ్చే జబ్బు అంటే కుడితేనే వస్తుందా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. దారులు మూడున్నాయి.

మొదటిది మలేరియా దారి. పరాన్నజీవి దోమ ఒంట్లోకి వెళ్లి, అక్కడ కొన్నాళ్లు పెరిగి, రూపం మార్చుకుని, ఆ తర్వాతే ఇంకో ప్రాణిలోకి పోగలుగుతుంది. దోమ లేనిదే దానికి బతుకు లేదు. రెండోది సూది దారి. జోరీగ ఒక జంతువును కుడుతూ ఉండగా అది తోకతో కొట్టి తరిమేస్తుంది. కడుపు నిండని ఈగ వెంటనే పక్క జంతువు మీద వాలుతుంది. మూతికి అంటిన తడి నెత్తురుతో పాటు పరాన్నజీవీ వెళ్లిపోతుంది. ఇక్కడ ఈగ ఒంట్లో పెరగడమేమీ లేదు, కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. మూడో దారిలో జంతువే కీటకాన్ని తింటుంది. కోతి బొద్దింకను పట్టి నమిలేస్తుంది, బొద్దింక కడుపులోని పురుగు పిల్ల కోతి పేగులో స్థిరపడుతుంది.

ఏ జబ్బు ఏ దారిన వస్తోందో తెలుసుకోకుండా జూ అంతా మందు కొట్టించడం నేను చాలా చోట్ల చూశాను. బొద్దింకతో వచ్చే జబ్బుకు సాయంత్రం పొగ పెడితే ఏం లాభం?

అడవిలోనూ ఈ కీటకాలే ఉన్నాయి కదా, జూలో ఎందుకింత ప్రమాదం?

అడవిలో ఒక జంతువూ దాని పరాన్నజీవీ వేల తరాలుగా కలిసి బతికాయి. ఒకదాన్ని ఒకటి భరించడం నేర్చుకున్నాయి. జూలో ఆ లెక్క తప్పుతుంది. ఒక ఖండం జంతువును ఇంకో ఖండం దోమ కుడుతుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ప్లాస్మోడియం నోలెసై అనే కోతుల మలేరియా. ఆగ్నేయాసియాలో పొడవు తోక మకాక్ కోతులు దీన్ని ఒంట్లో పెట్టుకుని మామూలుగా తిరుగుతాయి. అదే పరాన్నజీవి రీసస్ కోతికి ఎక్కితే ప్రాణం తీస్తుంది. రెండూ మకాక్‌లే, పక్కపక్కన నిలబెడితే కొత్తవాళ్లు తేడా కూడా చెప్పలేరు. ఇంకో ఉదాహరణ మరీ బాధాకరం. మెక్సికోలో, జూలోనే పుట్టిన ఒక ధ్రువపు ఎలుగు ట్రిపనోసోమా క్రూజై వల్ల చనిపోయింది. చాగస్ జబ్బు తెచ్చే జీవి అది. నెత్తురు తాగే ఒక రకం పెద్ద నల్లుల రెట్టలో ఉంటుంది. మంచు మీద పుట్టాల్సిన జాతికి ఆ నల్లి ఎలా ఉంటుందో కూడా తెలియదు.

దానికి తోడు, అడవి జంతువు ఈగలు ముసిరితే గాలి వీచే గట్టు మీదికో, నీళ్లలోకో, నీడలోకో పోతుంది. మనం కట్టిన ఎన్‌క్లోజర్‌లో అలా పోవడానికి చోటు ఉండకపోవచ్చు.

పులులకు, సింహాలకు సర్రా వస్తుందంటారు. అది గుర్రాలు, ఒంటెల జబ్బు కాదా?

పేరు వచ్చింది వాటి నుంచే. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి పంజాబ్‌లో జబ్బుపడిన గుర్రాలు, ఒంటెల నెత్తురులో సర్రా తెచ్చే ఏకకణ జీవిని చూశాడు. అందుకే దీన్ని ట్రిపనోసోమా ఎవాన్సై అంటారు. ఆఫ్రికాలో ఉండే దీని బంధువులకు సెట్సీ ఈగ కావాలి. దీనికి అక్కర్లేదు. జోరీగలు, కుట్టే ఈగలు మూతికి అంటించుకుని మోసేస్తాయి కాబట్టి సెట్సీ లేని దేశాలకూ పాకింది.

పెద్దపిల్లుల విషయంలో ఎవరూ మరిచిపోకూడని సంవత్సరం 2000. ఆ ఏడాది జులైలో భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్ జూలో కొద్ది రోజుల్లోనే 12 పులులు చనిపోయాయి. వాటిలో తెల్లపులులే ఎక్కువ. ట్రిపనోసోమ్‌లే కారణమని తేలింది. నాతో పాటు ఆ కాలంలో ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ అది గుండెల్లో పడ్డ రాయి. అంతకుముందు పులికి జ్వరం వస్తే వేరే జబ్బులు వెతికేవాళ్లం. ఆ తర్వాత నెత్తురు చుక్క ముందు స్లైడ్ మీదికి వెళుతోంది.

పిల్లి జాతికి సర్రా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఈగ కాటు. రెండోది మాంసం. జబ్బున్న పశువును కోసిన వెంటనే నెత్తురు కారుతున్న మాంసం వేస్తే, ఎముకలు కొరుకుతున్నప్పుడు నోట్లో పడే చిన్న గీతల గుండా ట్రిపనోసోమ్‌లు లోపలికి పోతాయి. పశువు చచ్చాక ఈ జీవి ఎక్కువసేపు బతకలేదు. అందుకని వధకు ముందు పశువును పరీక్షించడం, మాంసాన్ని గడ్డకట్టించి తర్వాత వాడడం, బతికున్న లేదా అప్పుడే కోసిన జంతువును ఎప్పుడూ వేయకపోవడం అన్నవి నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

జబ్బు ఎలా కనబడుతుంది? జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. చిగుళ్లు పాలిపోతాయి. తిండి తగ్గుతుంది, ఒళ్లు తీసిపోతుంది. కళ్ల మీద పొర కమ్ముకోవచ్చు. కొన్ని తూలుతూ నడుస్తాయి, తల గోడకు ఆనించి నిలబడతాయి. కొన్ని ఈ లక్షణాలేవీ లేకుండా ఒక్కరోజులో కుప్పకూలతాయి.

మైక్రోస్కోపు కింద దీన్ని ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. తాజా నెత్తురు చుక్క మీద కవర్‌స్లిప్ వేసి, ఇంకా వెచ్చగా ఉండగానే చూడాలి. ముందు ఎర్ర కణాలన్నీ కదలకుండా పరుచుకుని ఉంటాయి. ఎక్కడో ఒక మూల నాలుగైదు కణాలు వాటంతటవే జరుగుతున్నట్టు, ఎవరో కింద నుంచి వేలితో తోస్తున్నట్టు కనబడుతుంది. ఆ మూలకు స్లైడ్ జరిపితే కణాల మధ్య సన్నటి పారదర్శకమైన రిబ్బను ముక్క మెలికలు తిరుగుతూ దూసుకుపోతుంటుంది. నా చేతుల్లో మొదటిసారి కనబడినప్పుడు ఆ ఆడ చిరుత ఇంకా మత్తులోనే టేబుల్ మీద ఉంది. మందు వెంటనే ఎక్కించగలిగాం. అది బతికింది.

నెత్తురు పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

ఒక్క పరీక్షతో ఉండకండి. ట్రిపనోసోమ్ తన పైపూత ప్రొటీన్‌ను మార్చుకుంటూ ఉంటుంది. జంతువు ఒళ్లు ఒక పూతను గుర్తుపట్టి దాడిచేసేసరికి కొత్త పూతతో ఇంకో తరం తయారై ఉంటుంది. అందుకే నెత్తురులో వాటి సంఖ్య అలల్లా లేచి పడుతుంది. పడినప్పుడు తీసిన చుక్కలో ఏమీ కనబడదు. జ్వరం ఉన్న సమయంలో తీయాలి, వరుసగా కొన్ని రోజులు తీయాలి. సన్నటి గొట్టంలో నెత్తురును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తెల్లకణాల పొర అంచున వెతికితే దొరికే అవకాశం పెరుగుతుంది. యాంటీబాడీ కార్డు పరీక్షలు, పీసీఆర్ కూడా ఉన్నాయి. అనుమానం బలంగా ఉండి, జంతువు దిగజారుతుంటే ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడం తప్పు కాదన్నది నా అభిప్రాయం. అయితే సర్రా మందుల్లో కొన్నిటికి వైద్యపు మోతాదుకూ విషపు మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. జంతువు బరువు కళ్లతో అంచనా వేసి ఇచ్చేస్తే ప్రమాదం.

గుండె పురుగు కుక్కల జబ్బు కదా, జూకు దానితో ఏం పని?

డైరోఫైలేరియా ఇమ్మిటిస్ అసలు ఇల్లు కుక్కే. మనుషుల్లో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులకు ఇది చుట్టం. కానీ దోమ కుక్కను కుట్టి, తర్వాత కంచె దాటి ఎవరిని కుడుతుందో దాని ఇష్టం. తోడేళ్లు, నక్కల్లో ఇది వస్తుందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. సీ లయన్లలో, రెడ్ పాండాల్లో, మబ్బు చిరుతలో, నల్లపాదాల పిల్లిలో కూడా బయటపడింది. సముద్రంలో ఉండాల్సిన సీ లయన్‌ను నేల మీద మంచినీటి దోమల మధ్య ఉంచామన్న సంగతి మనకు గుర్తుండదు. దోమకు గుర్తుంటుంది.

దోమ నోటి నుంచి పడిన పిల్ల పురుగు చర్మం కింద, కండల్లో నెలల తరబడి ప్రయాణం చేసి ఊపిరితిత్తుల ధమనులకు, గుండె కుడివైపుకు చేరుతుంది. కుక్కలో అది పెద్దదై పిల్లలు పెట్టడానికి ఆరేడు నెలలు పడుతుంది. ఆడ పురుగు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. నూడుల్స్ పోగులా తెల్లగా ఉండే ఆ పురుగులు ఒక చిన్న పిల్లి జాతి జంతువు గుండెలో రెండున్నా చాలు, ప్రాణం పోవడానికి. అంత చిన్న గుండె అది.

ఇక్కడ పరీక్షల చిక్కు ఒకటుంది. మామూలుగా వాడే యాంటిజెన్ పరీక్ష పెద్దయిన ఆడ పురుగును మాత్రమే పట్టుకుంటుంది. పిల్లి జాతిలో ఒకటో రెండో పురుగులుంటాయి, అవీ మగవైతే పరీక్ష ఏమీ లేదనే చెబుతుంది. అందుకని ఎక్స్‌రే, గుండె అల్ట్రాసౌండ్ కలిపి చూడాలి.

వేడికీ దీనికీ సంబంధం ఉంది. 14 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో దోమ ఒంట్లో పిల్ల పురుగు పెరగదు. 27 డిగ్రీల దగ్గర రెండు వారాల్లోపే సిద్ధమవుతుంది. చలికాలం గట్టిగా ఉండే చోట్ల కొన్ని నెలలు ఊపిరి పీల్చుకోవచ్చు. ఏడాదంతా వెచ్చగా ఉండే చోట ఆ విరామం దొరకదు.

అయితే నెలనెలా అన్ని జంతువులకూ నివారణ మందు ఇచ్చేస్తే సరిపోదా?

గుండె పురుగు వరకు ఇది నిజంగా పనిచేసే మార్గం. ఐవర్‌మెక్టిన్, మాక్సిడెక్టిన్ లాంటివి చిన్న మోతాదులో నెలకోసారి ఇస్తే ఆ నెలలో ఎక్కిన పిల్ల పురుగులు పెద్దవి కాకుండా పోతాయి. తోడేళ్లకు, సీ లయన్లకు చేపలోనో మాంసంలోనో పెట్టి ఇవ్వడం కష్టం కాదు. ఇచ్చే ముందు పెద్ద పురుగులు ఇప్పటికే ఉన్నాయేమో చూడాలి. నెత్తురులో పురుగు పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు మందు వేస్తే అవన్నీ ఒక్కసారి చచ్చి జంతువు షాక్‌లోకి పోవచ్చు.

సర్రాకు, మలేరియాకు ఈ మందులతో పని జరగదు. అవి పురుగులు కావు, ఏకకణ జీవులు. ‘నులిపురుగుల మందు వేశాం కదా’ అన్న భరోసాతో సర్రాను పట్టించుకోని సందర్భాలు నేను ఎరుగుదును.

బొద్దింకల గురించి అంతగా ఎందుకు చెబుతారు? అసహ్యం తప్ప వాటివల్ల నష్టమేముంది?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనివల్ల చనిపోయిన జంతువుల్లో చాలావాటిని కాపాడగలిగి ఉండేవాళ్లం.

దక్షిణ అమెరికా కోతులను తీసుకోండి: స్క్విరెల్ మంకీలు, టామరిన్లు, మార్మోసెట్లు. చాలా చిన్న కోతులివి. కదిలే ప్రతి కీటకాన్నీ పట్టుకుని తినడం వాటికి పుట్టుకతో వచ్చిన వేట. ప్రాస్థెనార్కిస్ అనే ముళ్ల తల పురుగు వాటి పేగులో ఉంటుంది. దాని గుడ్లు మలంలో పడతాయి. రాత్రి బొద్దింక వచ్చి ఆ మలం తింటుంది. గుడ్డు బొద్దింక ఒంట్లో పిల్ల అవుతుంది. ఆ బొద్దింకను తెల్లవారుజామున ఇంకో కోతి పట్టుకుంటుంది. చక్రం పూర్తయింది. అడవిలో ఆ కోతి రోజంతా చెట్ల మీద మైళ్లు తిరుగుతుంది, మలం కింద ఎక్కడో పడుతుంది. బోనులో మలం, బొద్దింక, కోతి మూడూ నాలుగు గోడల మధ్యే ఉంటాయి.

ఈ పురుగు తలకు వంకర ముళ్లుంటాయి. వాటిని చిన్నపేగు చివర గోడలో గుచ్చి పట్టుకుంటుంది. పోస్ట్‌మార్టంలో పేగును బయటి నుంచి చూస్తేనే తెలుస్తుంది. గోడ మీద బఠాణీ గింజల్లా గట్టి గడ్డలు చేతికి తగులుతాయి. పేగు కోసి తెరిస్తే ఒక్కో గడ్డకు లోపలి వైపున తెల్లటి పురుగు వేలాడుతూ ఉంటుంది. కొన్నిచోట్ల ముళ్లు గోడను పూర్తిగా చీల్చేసి, పేగులోని మలినం పొట్టలోకి కారి ఉంటుంది. అలాంటి కోతి చివరి రోజుల్లో మోకాళ్లు కడుపుకు ముడుచుకుని మూల కూర్చుంటుంది. నమ్మకంగా పనిచేసే మందు లేదు. కొన్నిసార్లు ఆపరేషన్ చేసి పురుగులను ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది.

ఇంతటితో అయిపోలేదు. ట్రైకోస్పైరూరా అనే సన్నటి పురుగు మార్మోసెట్ల క్లోమ గ్రంథి నాళాల్లో కాపురం పెడుతుంది. అదీ మన వంటిళ్లలో తిరిగే చిన్న బొద్దింక ద్వారానే. జంతువు బాగా తింటూనే రోజురోజుకూ చిక్కిపోతుంది. తిండి మార్చి, విటమిన్లు వేసి నెలలు గడిపేస్తారు, కారణం గోడ పగుల్లో ఉంటుంది. గోల్డెన్ లయన్ టామరిన్లలో టెరిగోడెర్మటైటిస్ అనే ఇంకో పురుగు కూడా బొద్దింకల ద్వారానే వ్యాపించింది.

నివారణ కోసం కోతుల దగ్గర బొద్దింకల మందు చల్లకండి. మందు తిన్న బొద్దింకను కోతి తింటుంది. పగుళ్లు పూడ్చాలి, కాలువల మూతలు సరిచేయాలి, మిగిలిన తిండి రాత్రికి ఉంచకూడదు, ఎర మందును కోతి వేలు దూరని పెట్టెల్లో పెట్టాలి. జంతువులకు కాలక్షేపం కోసం కీటకాలు ఇవ్వాలనుకుంటే శుభ్రంగా పెంచినవి ఇవ్వండి. ఎన్‌క్లోజర్‌లో దొరికినవి వద్దు.

ఇసుక ఈగలు తెచ్చే లీష్మానియా కూడా జూలో ఉంటుందా?

ఉంటుంది. మనుషుల్లో కాలా అజార్ అనే జ్వరం తెచ్చే పరాన్నజీవుల కుటుంబమే ఇది. బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటె జూలో బుష్ డాగ్‌లు, మేన్డ్ వుల్ఫ్‌ల వంటి అడవి కుక్క జాతుల్లో కనబడింది. మాడ్రిడ్‌లో ఒరాంగుటాన్‌కు సోకినట్టు 2018లో నివేదిక వచ్చింది. ఎన్ని మందులిచ్చినా మానని చర్మపు పుండ్లు, రాలిపోయే వెంట్రుకలు, అతిగా పెరిగే గోళ్లు, ఉబ్బిన లింఫ్ గ్రంథులు, చివర్లో కిడ్నీలు పాడవడం దీని గుర్తులు.

2004లో ఆస్ట్రేలియాలోని డార్విన్ ప్రాంతంలో సంరక్షణలో ఉన్న ఎర్ర కంగారూల పుండ్లలో లీష్మానియా బయటపడినప్పుడు అందరం ఆశ్చర్యపోయాం. అప్పటిదాకా ఆ ఖండంలో పుట్టిన లీష్మానియా లేదనుకునేవాళ్లు. తర్వాత పరిశోధనలు ఇసుక ఈగ వైపు కాకుండా నుసుములనే చిన్న కుట్టే కీటకాల వైపు వేలు చూపించాయి. ఏ కీటకం మోస్తుందో పుస్తకం చూసి తేల్చేయకూడదని అది నేర్పింది.

కోతుల మలేరియా మనుషులకు వస్తుందా?

నోలెసై వస్తుంది. మలేషియాలోని సారవాక్‌లో మనుషుల్లో పెద్ద సంఖ్యలో కేసులు దీనివేనని 2004లో తేలింది. ఇది 24 గంటలకొకసారి తన సంఖ్యను పెంచుకుంటుంది కాబట్టి జ్వరం వేగంగా ముదురుతుంది. అయితే మధ్యలో దోమ ఉండాలి, అదీ అడవుల్లో ఉండే కొన్ని అనాఫిలిస్ జాతులే.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు. మనిషి నుంచి కూడా వాటికి వెళుతుంది. జపాన్‌కు తెచ్చిన 60 చింపాంజీలను పరీక్షిస్తే, అంతకు సుమారు 30 ఏళ్ల ముందు వచ్చిన రెండింటి నెత్తురులో మనుషుల మలేరియా అయిన ప్లాస్మోడియం మలేరియే దొరికింది. ముప్పై ఏళ్లూ వాటికి ఏ లక్షణమూ లేదు.

జింకలు, ఏనుగులు, ఖడ్గమృగాల సంగతి?

పశువుల పొట్టలో ఉండే సెటేరియా పురుగు వాటికి పెద్దగా హాని చేయదు. దోమ దాని పిల్లను తెచ్చి పొరపాటు జంతువులో వదిలితే అది దారి తప్పి వెన్నుపాములోకో కంటిలోకో పోతుంది. నిన్నటిదాకా గెంతిన జంతువు ఇవాళ వెనకకాళ్లు ఈడుస్తుంటే దెబ్బ తగిలిందని మాత్రమే అనుకోకండి. ఆసియా ఏనుగుల చర్మం మీద నెత్తురు కారే చిన్న గడ్డల వెనక ఇండోఫైలేరియా అనే పురుగు ఉండొచ్చు. నల్ల ఖడ్గమృగాల పక్కల మీద, ఛాతీ మీద మానని పుండ్లకు స్టెఫనోఫైలేరియా అనే పురుగు కారణం కావడం తెలిసిందే.

గోమార్లు ఈ లెక్కలోకి రావా?

గోమారికి ఎనిమిది కాళ్లు. అది సాలీడు వర్గం, కీటకం కాదు. పని మాత్రం అదే. అమెరికాలో పులులను చంపే సైటాక్స్‌జూన్, జూలలోని రెయిన్‌డీర్‌లను చంపే బబీసియా గోమార్ల ద్వారా వచ్చేవే. వాటికి విడిగా ఒక పేజీ కావాలి.

కీపర్‌గా నేను ముందు ఏం గమనించాలి?

అడవి జంతువు జబ్బును దాచుకుంటుంది. బలహీనంగా కనబడితే ఎవరో ఒకరు తినేస్తారన్న భయం దాని నెత్తురులోనే ఉంది. అందుకని మేం పరీక్షల్లో పట్టుకునే ముందే మీ కళ్లు పట్టుకోవాలి.

మాకు ఒక కీపర్ ఉండేవాడు. ఉదయం ఎన్‌క్లోజర్ దగ్గరికి వెళ్లగానే జంతువు మొహం చూడడు, కాళ్లు చూస్తాడు. నిలబడ్డ జింక ముందు కాళ్లను నిమిషానికి ఎన్నిసార్లు నేలకేసి కొడుతుందో లెక్కపెడతాడు. మోకాలి కింద వాలి, తల పైకి పెట్టి కూర్చునే బూడిదరంగు ఈగలు ఇంటి ఈగలు కావు, కుట్టే ఈగలు. ఆయన పలక మీద ‘కాలికి ఏడు’ అని రాశాడంటే ఆ రోజు పాత గడ్డి ఎక్కడో కుళ్లుతోందని మాకు తెలిసిపోయేది. వెతికితే నీళ్ల తొట్టి వెనక దొరికేది.

చిగుళ్ల రంగు రాసిపెట్టండి. ఆవులించినప్పుడు, మాంసం అందుకున్నప్పుడు కనబడుతుంది. నీళ్లు ఎక్కువ తాగుతోందా, రోజూ కూర్చునే చోటు మార్చిందా, సాయంత్రం పిలిస్తే రావడానికి ఆలస్యం చేస్తోందా అన్నవి రాయండి. ‘ఏదో తేడాగా ఉంది సార్’ అని ఒక కీపర్ అంటే నేను ఎప్పుడూ కొట్టిపారేయలేదు. పులిని తోక బయటపెట్టి నిలబడేలా ఓపికగా అలవాటు చేస్తే మత్తు లేకుండానే తోక నరం నుంచి నెత్తురు తీయొచ్చు. ఆ శిక్షణకు పట్టే నెలలు వృథా కావు.

కీటకాలను అదుపు చేయడానికి నిజంగా ఏం పనిచేస్తుంది?

ముందు అవి పుట్టే చోటు. వెచ్చటి వాతావరణంలో దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం, పది రోజులు. కాబట్టి వారానికి ఒక రోజు పెట్టుకుని ప్రతి తొట్టి, పాత టైరు, పూలకుండీ కింది పళ్లెం, చెట్టు తొర్ర ఖాళీ చేస్తే ఆ వారం దోమలు తగ్గుతాయి. ఖాళీ చేయలేని కందకాలకు, చెరువులకు బీటీఐ అనే బ్యాక్టీరియా మందు ఉంది. అది దోమ పిల్లలను చంపుతుంది, నీళ్లు తాగే జంతువుకు, చేపలకు హాని చేయదు. కుట్టే ఈగలు మూత్రం, పేడ కలిసి తడిసిన గడ్డిలో పెడతాయి గుడ్లు. ఆ గడ్డి వారంలో రెండుసార్లు తీసేస్తే సగం యుద్ధం అయినట్టే. ఇసుక ఈగకు నీళ్లు అక్కర్లేదు. గోడ పగుళ్లు, ఆకులు కుళ్లిన నేల చాలు. దోమలకని చేసిన పని దానికి తగలదు.

తెరల విషయంలో ఒక మాట. దోమల జాలీ గుండా నుసుములు, ఇసుక ఈగలు తేలిగ్గా దూరిపోతాయి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు అవి. సన్నటి జాలీ వేస్తే గాలి ఆడదు, జంతువు వేడికి అల్లాడుతుంది. అక్కడ నేను పెద్ద ఫ్యాన్‌లు పెట్టమంటాను. ఆ కీటకాలకు రెక్కల బలం తక్కువ, గాలికి ఎదురు ఎగరలేవు. రాత్రి పడుకునే గదిలో ఒక ఫ్యాన్ చేసే పని చూసి కొత్తవాళ్లు నమ్మరు.

జోరీగలకు నీలం, నలుపు గుడ్డలతో కట్టే ఉచ్చులు బాగా పనిచేస్తాయి. ఆ రంగులకు అవి ఆకర్షితమవుతాయి. పశువుల కొట్టానికి, పులుల వైపుకు మధ్య ఎంత దూరం ఉంటే అంత మంచిది, ఎందుకంటే మూతి మీది నెత్తురు ఆరేలోపే ఈగ రెండో జంతువును చేరాలి. ఇక్కడ ఒక చిన్న ముచ్చట: 2019లో గుర్రాలకు చారల దుప్పట్లు కప్పి చూస్తే జోరీగలు దగ్గరికి వచ్చాయి కానీ సరిగ్గా వాలలేకపోయాయి. జీబ్రాకు ఆ చారలు అలంకారం కాదన్నమాట.

మందులు వాడేటప్పుడు ఒకటి మాత్రం మరవకండి. పర్మెత్రిన్ పిల్లులకు విషం. కుక్కలకు, గుర్రాలకు రాసే మందును పిల్లి కాలేయం విరిచి బయటికి పంపలేదు. పులి అయినా అంతే, అడవి పిల్లి అయినా అంతే. కీపర్ చొక్కాకు కొట్టుకున్న మందుతో కూడా జాగ్రత్తగా ఉండాలి.

కొత్త జంతువును 30 రోజులు విడిగా ఉంచాం. అది చాలదా?

చాలా జబ్బులకు చాలుతుంది. వీటికి చాలదు. గుండె పురుగు యాంటిజెన్ పరీక్షలో కనబడటానికే ఆరేడు నెలలు కావాలి. నెల నాటి పరీక్షలో లేదని వస్తే, వచ్చే ముందు వారం సోకినది తెలిసే మార్గం లేదు. అందుకని ఆ జంతువును మళ్లీ ఏడో నెలలో పరీక్షించాలని క్యాలెండర్‌లో రాసుకోవాలి. క్వారంటైన్ గదికే దోమ తెర లేకపోతే విడిగా ఉంచడంలో అర్థమే లేదు. మిగతా జూ నుంచి జంతువును విడదీశాం, దోమను విడదీయలేదు.

సందర్శకులకు, పిల్లలకు ఇవి అంటుకుంటాయా?

జంతువును చూసినంత మాత్రాన, కంచె దగ్గర నిలబడినంత మాత్రాన రావు. గాలి ద్వారా వచ్చే జబ్బులు కావు ఇవి. సర్రా విషయంలో మనిషి నెత్తురులో ఉండే ఒక ప్రొటీన్ ఆ ట్రిపనోసోమ్‌ను చంపేస్తుంది. ఆ ప్రొటీన్ లేని ఒక రైతుకు మహారాష్ట్రలో సర్రా సోకిన సంగతి 2005లో ప్రచురితమైంది. ఆయనకు చికిత్స జరిగింది. అది అంత అరుదు. మాకు, కీపర్లకు మాత్రం సూది గుచ్చుకోవడం, పోస్ట్‌మార్టంలో చేయి తెగడం ఉంటాయి కాబట్టి గ్లవ్స్ తీయం.

మీరు సాయం చేయాలనుకుంటే తాగి వదిలేసిన కప్పు, కొబ్బరి బోండాం కంచె అవతల పడేయకండి. అందులో వాన నీళ్లు నిలిస్తే పది రోజుల్లో దోమలు లేస్తాయి.

జంతువు చనిపోయాక ఇక చేసేదేముంది? పోస్ట్‌మార్టం ఎందుకు?

పక్క ఎన్‌క్లోజర్‌లో ఉన్నవాటి కోసం. ఇది ఆలస్యం చేయకూడని పని. ట్రిపనోసోమ్‌లు జంతువు చనిపోయిన కొద్దిసేపట్లోనే విచ్చిపోతాయి, మర్నాడు తీసిన స్లైడ్‌లో ఏమీ మిగలదు. అందుకే రాత్రి రెండింటికి చనిపోయినా అప్పుడే గుండె నుంచి, ప్లీహం నుంచి, మెదడు నుంచి ముద్రలు స్లైడ్ మీదికి తీసి, ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచుతాం. పరీక్షించే మనిషి ఉదయం వచ్చినా ఫరవాలేదు, స్లైడ్ మాత్రం రాత్రే తయారవ్వాలి. కొంచెం నెత్తురు ఫ్రీజర్‌లోకి వెళుతుంది. దాని మీద జంతువు పేరు, తేదీ, గంట రాసి, మిగిలిన జంతువుల చిగుళ్లు చూడడానికి టార్చి పట్టుకుని బయల్దేరతాం.